పొద్దున ఆన్ చేస్తే ఒక తీరు, రీస్టార్ట్ చేస్తే ఇంకో తీరు: ఈథ్0, ఈథ్1 తారుమారవుతున్నాయి

ఎనుమాముల గుమాస్తా

అందరికీ నమస్తే. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో ఒక మిర్చి అడ్తి దుకాణంలో గుమాస్తాను. కంప్యూటర్ల పని నాకు ఎవరూ అప్పజెప్పలేదు. "నీకు తెలుసు గదా" అంటూ అందరూ కలిసి నా మెడకు చుట్టారు. చూసి చూసి నేర్చుకున్నదే తప్ప చదువుకున్నది కాదు, తప్పులుంటే సర్దుకోండి. ఫోన్లో తెలుగు కీబోర్డు మీద రాస్తున్నా కాబట్టి కమాండ్లు కూడా తెలుగులోనే పడుతున్నాయి.

వెనక గదిలో, ఖాళీ గోనె సంచుల కట్టల పక్కన ఒక అసెంబుల్డ్ డెస్క్‌టాప్ ఉంది. అందులో డెబియన్ 12 అనే లైనక్స్. దానికి రెండు నెట్‌వర్క్ పోర్టులు. ఒకటి మదర్‌బోర్డు మీదే ఉన్న రియల్‌టెక్, రెండోది విడిగా గుచ్చిన ఇంటెల్ కార్డు. రియల్‌టెక్ వైరు బ్రాడ్‌బ్యాండ్ రౌటర్‌కు పోతుంది. ఇంటెల్ వైరు లోపలి స్విచ్‌కు పోతుంది. ఆ స్విచ్ మీద మూడు బిల్లింగ్ కంప్యూటర్లు, తక్‌పట్టీలు (రైతుకిచ్చే సరుకు లెక్క చీటీలు) కొట్టే ప్రింటర్. లోపలి వాటికి ఐపీ అడ్రసులు పంచేది కూడా ఈ డెస్క్‌టాపే, డీఎన్ఎస్‌మాస్క్ అనే ప్రోగ్రాంతో. బయటివాళ్లను ఆపే ఫైర్‌వాల్, లెక్కల ఫోల్డర్ కూడా దీంట్లోనే.

ఈ రెండు పోర్టులకు సిస్టమ్ పెట్టే పేర్లు ఈథ్0, ఈథ్1. సెట్టింగులన్నిట్లో ఈథ్0 అంటే బయట, ఈథ్1 అంటే లోపల. మూడేళ్ల కింద ఒక అబ్బాయి వచ్చి అట్లా పెట్టి పోయాడు. మూడేళ్లు పన్నెత్తి మాట అనే పని లేకుండా నడిచింది. మొన్న దసరా తర్వాత పాత హార్డ్ డిస్క్ నెమ్మదించిందని తీసేసి ఎస్ఎస్‌డీ వేశాను. ఉన్నదున్నట్టు క్లోన్ చేశా, ఒక్క ఫైలు ముట్టుకోలేదు. అప్పటి నుంచి మొదలైంది. ఒకసారి బూట్ అయితే రియల్‌టెక్ ఈథ్0. ఇంకోసారి ఇంటెల్ ఈథ్0.

సీజన్ లేనప్పుడు పెద్దగా తెలియలేదు. మంగళవారం తెలిసింది. పొద్దున జెండా పాట అయిపోయింది, మా దగ్గర తేజ రకం మిర్చి 40 బస్తాల రైతుకు కాంటా కూడా అయింది. సరిగ్గా తక్‌పట్టీ కొట్టేటప్పుడు కరెంటు పోయింది. యూపీఎస్ రెండు సార్లు కూసి అది కూడా పడుకుంది. కరెంటు వచ్చి సర్వర్ లేచేసరికి బిల్లింగ్ కంప్యూటర్లు మూడింట్లోనూ 169.254 తో మొదలయ్యే అడ్రసులు, అంటే ఐపీ ఎవరూ ఇవ్వక అవే సొంతంగా పెట్టుకున్నవి. ప్రింటర్ దొరకదు, లెక్కల ఫోల్డర్ తెరుచుకోదు. రైతు ఎదురుగా కూర్చుని ఉన్నాడు, హమాలీలు ఇంకో కుప్ప మీదికి పోతామంటున్నారు. కార్బన్ పేపరు పెట్టి చేత్తో రాసిచ్చా. సేటు ఒక్క మాటే అన్నాడు: "చేత్తోనే రాసేటట్టుంటే ఈ డబ్బా ఎందుకురా?"

ఇప్పటికి నేను కనిపెట్టిన మందు ఒకటే. తిప్పలు వచ్చినప్పుడు క్యాబినెట్ వెనక్కి పోయి రెండు వైర్లూ అటుదిటు, ఇటుదటు గుచ్చడం. నడుస్తుంది. మళ్లీ బూట్ అయితే మళ్లీ మార్చాలి. ఏది ఎక్కడ ఉందో గుర్తుండక క్యాబినెట్ మీద స్కెచ్ పెన్నుతో "ఇవాళ్టికి ఇది" అని బాణం గుర్తు కూడా వేశా. నవ్వకండి.

డీమెసెజ్‌లో (బూట్ అయ్యేటప్పటి సందేశాల్లో) చూస్తే ఒక బూట్‌లో 0000:03:00.0 దగ్గరున్న ఆర్8169 (రియల్‌టెక్ డ్రైవర్) కు ఈథ్0 వచ్చింది. తర్వాతి బూట్‌లో 0000:01:00.0 దగ్గరున్న ఈ1000ఈ (ఇంటెల్ డ్రైవర్) కు వచ్చింది. ఎర్రర్ ఒక్కటి కూడా లేదు. కార్డు పోయిందా? ఎస్ఎస్‌డీ వల్లనా? క్లోన్ చేయడంలో ఏమన్నా తప్పు పోయిందా?

హన్మకొండ హార్డ్‌వేర్

ఆ విడి కార్డు స్లాట్‌లో లూజ్ అయి ఉంటది భయ్యా. తీసి రబ్బరుతో పిన్నులు రుద్ది మళ్లీ గుచ్చు. బయోస్ బ్యాటరీ కూడా మార్చెయ్. అయినా పోకపోతే కొత్త కార్డు వేసుకో, పెద్ద రేటేం కాదు.

కాజీపేట పాతకాపు

తమ్మీ, ఏ కార్డూ కొనకు. నీ రెండు పోర్టులూ రెండు బూట్లలోనూ కనిపిస్తున్నాయి, రెండూ పనిచేస్తున్నాయి. లూజ్ అయితే కనిపించకుండా పోవాలి గానీ పేరు మార్చుకోదు.

జరుగుతున్నది ఇదీ. మీ మార్కెట్ గేటు దగ్గర బండ్లకు చీటీలిస్తారనుకో. ముందొచ్చిన బండికి 1, తర్వాత దానికి 2. ఆ నంబరుకూ రైతు పేరుకూ సంబంధం లేదు, ఎవరు ముందొస్తే వాళ్లది. లైనక్స్ గుండెకాయ లాంటి కెర్నెల్ కూడా అంతే. ఏ కార్డు డ్రైవర్ ముందు లేచి "నేనొచ్చా" అంటే దానికి ఈథ్0, రెండోదానికి ఈథ్1. నీ దాంట్లో రెండు వేర్వేరు డ్రైవర్లు, ఆర్8169, ఈ1000ఈ. బూట్ అయ్యేటప్పుడు ఇవి ఒకదాని వెనక ఒకటి కాదు, పక్కపక్కనే లోడ్ అవుతాయి. పాత హార్డ్ డిస్క్ మీద ఒకటి ఎప్పుడూ కాస్త వెనకబడేది, అందుకే మూడేళ్లు వరస తప్పలేదు. ఎస్ఎస్‌డీ వేశాక రెండూ గేటు దగ్గరికి దాదాపు ఒకేసారి వస్తున్నాయి. క్లోన్‌లో తప్పేం లేదు. ఆ మూడేళ్లు నడవడమే అదృష్టం.

ఇది కొత్త జబ్బు కాదు. వెనకటికి, పరికరాలను చూసుకునే యూడెవ్ అనే ప్రోగ్రాం 70-పర్సిస్టెంట్-నెట్ అనే రూల్స్ ఫైలు రాసుకునేది, మొదటిసారి చూసిన మ్యాక్ అడ్రసుకు (కార్డు సొంత నంబరుకు) ఫలానా పేరు అని. డిస్క్ తీసి ఇంకో మెషీన్‌లో పెడితే ఈథ్0 మాయమై ఈథ్2 వచ్చేది. ఆ రోజుల్లో మేం ఆ ఫైలు చెరిపి రీబూట్ కొట్టడం పొద్దున పళ్లు తోముకున్నంత మామూలు. డెల్ వాళ్లు బయోస్‌డెవ్‌నేమ్ తెచ్చారు, ఈఎమ్1, పీ3పీ1 లాంటి పేర్లు. తర్వాత 2013 జనవరిలో సిస్టమ్‌డీ 197 తో ఇప్పుడున్న పద్ధతి వచ్చింది. మదర్‌బోర్డు మీది పోర్టు అయితే ఈఎన్ఓ1, స్లాట్‌ను బట్టి అయితే ఈఎన్ఎస్1, పీసీఐ బస్ మీద ఉన్న చోటును బట్టి అయితే ఈఎన్‌పీ3ఎస్0.

అందుకే నాకు అర్థం కానిది ఒకటే. డెబియన్ 12 లో నీకు ఈథ్ పేర్లు అసలు రాకూడదు. బూట్ సెట్టింగుల ఫైలు /ఈటీసీ/డీఫాల్ట్/గ్రబ్ తెరిచి లైనక్స్ కమాండ్‌లైన్ ఉన్న వరస ఇక్కడ పెట్టు.

ఇంకో మాట, తక్‌పట్టీ కంటే ఇది పెద్దది. నీ ఫైర్‌వాల్ ఈథ్1 ను ఇంట్లో మనిషిగా నమ్ముతుంది. పేర్లు తారుమారైన రోజు ఆ నమ్మకం రౌటర్ వైపు వైరుకు పోతుంది. లెక్కల ఫోల్డర్ అటువైపు తలుపు తీసి కూర్చున్నట్టే. ముందర రౌటర్ ఉంది కాబట్టి బతికిపోయావు.

ఎనుమాముల గుమాస్తా

అన్నా, మీరన్నట్టే ఉంది. ఆ వరసలో చివర నెట్.ఇఫ్‌నేమ్స్=0 అని ఉంది. నేను పెట్టలేదు. ఆ అబ్బాయే పెట్టి ఉంటాడు.

కాజీపేట పాతకాపు

దొరికింది. కొత్త పేర్లు వద్దు, పాత ఈథ్ పేర్లే కావాలని కెర్నెల్‌కు చెప్పే మాట అది. ఒకే కార్డున్న మెషీన్‌లో పెట్టుకుంటే ఏ బాధా లేదు. ఉన్నదే ఒక్క బండి, దానికి 1 తప్ప వేరే చీటీ రాదు. రెండు కార్డులున్న చోట పెడితే నీ మంగళవారం అవుతుంది. ఆ అబ్బాయిని తిట్టకు, ఈఎన్‌పీ3ఎస్0 అని పలకలేక సగం మంది అదే చేస్తారు.

ఇప్పుడు ఆ మాట తీసేసినా పని జరుగుతుంది. కానీ నా సలహా వేరు. ప్రతి కార్డుకూ దాని మ్యాక్ అడ్రసును బట్టి నువ్వే పేరు పెట్టు. /ఈటీసీ/సిస్టమ్‌డీ/నెట్‌వర్క్ ఫోల్డర్‌లో కార్డుకొక ఫైలు, పేరు 10 తో మొదలై డాట్ లింక్‌తో ముగియాలి. లోపల నాలుగే వరసలు:

[మ్యాచ్]
పర్మనెంట్‌మ్యాక్అడ్రస్=కార్డు అడ్రసు
[లింక్]
నేమ్=పెట్టదలచిన పేరు

ఫైలు పేరుకు ముందు 10 ఎందుకంటే, యూడెవ్ ఆ ఫైళ్లను అక్షర క్రమంలో చూసుకుంటూ పోయి మొదట సరిపోయినదాన్నే పట్టుకుంటుంది, మిగతావి చూడదు. సిస్టమ్ సొంత ఫైలు 99 తో మొదలవుతుంది. నీది దానికంటే ముందుండాలి.

తర్వాత అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ -యు కొట్టడం మర్చిపోకు. బూట్ మొదట్లో వాడే చిన్న ఇమేజ్‌లో ఈ ఫైళ్ల నకలు ఒకటి ఉంటుంది. నువ్వు అసలు మార్చి నకలు మార్చకపోతే, మార్చినా మారలేదేమిటని తల గోక్కుంటావు.

దూరం నుంచి ఎస్ఎస్‌హెచ్‌లో కూర్చుని మాత్రం చేయకు. పేరు మారి నెట్ లేవకపోతే దుకాణానికి పరుగెత్తాలి. మానిటర్, కీబోర్డు తగిలించుకుని ఆదివారం చెయ్.

జమ్మికుంట జిన్నింగ్

పాతకాపు గారు మ్యాక్‌తో పేరు పెట్టమన్నది ఎందుకో నా అనుభవం చెప్తా. మా పత్తి మిల్లులో సర్వర్ ఈఎన్‌పీ పేర్లతోనే ఉండేది, అవి ఎప్పటికీ మారవని నమ్మా. ఒక రోజు ఎం.2 స్లాట్‌లో ఎన్‌వీఎంఈ డిస్క్ పెట్టా, అంతే. ఈఎన్‌పీ3ఎస్0 కాస్తా ఈఎన్‌పీ4ఎస్0 అయింది. కొత్త పరికరం మధ్యలో దూరితే తర్వాతి బస్ నంబర్లు ఒకటి జరుగుతాయి, బెంచీ మీద ఇంకొకరు కూర్చుంటే అందరూ జరిగినట్టు. బూట్‌లో "నెట్‌వర్క్ కోసం ఆగుతున్నా" అని రెండు నిమిషాలు నిలబడి ఆ తర్వాత నెట్ లేకుండా లేచింది.

ఇంకో తమాషా. కార్డుల జాబితా చూపే ఎల్ఎస్‌పీసీఐ కమాండ్ బస్ నంబరును హెక్సాలో (పదికి ఏ అని రాసే లెక్కలో) చూపిస్తుంది, ఇంటర్‌ఫేస్ పేరులో అది మామూలు అంకెల్లో వస్తుంది. అక్కడ 0ఏ అని ఉంటే ఇక్కడ ఈఎన్‌పీ10ఎస్0. ఒక పూటంతా ఆ 10 ఎక్కడిదని వెతికా.

ఎనుమాముల గుమాస్తా

నిన్న ఆదివారం కూర్చున్నా. సగం అయింది, సగం చెడింది. దాచకుండా చెప్తా.

మొదట సోమరితనం చేశా. కొత్త పేర్లు పెడితే నెట్‌వర్క్ సెట్టింగులుండే ఇంటర్‌ఫేసెస్ ఫైలు, డీఎన్ఎస్‌మాస్క్, ఫైర్‌వాల్ అన్నీ మార్చాలి కదా. ఆ బాధ ఎందుకని లింక్ ఫైళ్లలో పాత పేర్లే రాశా. రియల్‌టెక్ మ్యాక్‌కు ఈథ్0, ఇంటెల్ మ్యాక్‌కు ఈథ్1. మూడు బూట్లు బాగా వచ్చింది. నాలుగోసారి లాగ్‌లో "పేరు మార్చలేకపోయా, ఫైల్ ఎగ్జిస్ట్స్" అని పడి రెండూ తప్పుడు పేర్లతో లేచాయి.

రెండోది, ఇంటెల్ కార్డు మ్యాక్ కోసం క్యాబినెట్ తెరిచి స్టిక్కరు చూశా. తెరవగానే పది తుమ్ములు. లోపల ఫ్యాను రెక్కలు, ర్యాము, కార్డు అంచులు అన్నిటి మీదా ఎర్రగా పొడి. తడి గుడ్డతో స్టిక్కరు తుడిస్తే ఆ తేమకు పొడి ఇంకా పూసుకుపోయింది. చివరి జత 8బి అని చదివి రాసుకున్నా. అది 88 అట. ఐపీ లింక్ కమాండ్ కొట్టి చూస్తే తెలిసింది. ఈ లోపల ఒక గంట పోయింది, కళ్లు మంటలు.

ఈ ఫైల్ ఎగ్జిస్ట్స్ ఏంటన్నా?

కాజీపేట పాతకాపు

స్టిక్కరు ఎందుకు తమ్మీ, ఐపీ లింక్ చూపించేది అక్షరాలా కాపీ చేసుకుంటే అయిపోయేది. తుమ్ములు తప్పేవి.

ఫైల్ ఎగ్జిస్ట్స్ సంగతి. అంటే ఆ పేరు ఇప్పటికే ఇంకొకరి దగ్గర ఉంది. ఇంటెల్ ముందొచ్చిన రోజు కెర్నెల్ దానికి ఈథ్0 ఇచ్చేసింది. నువ్వేమో దాని పేరు ఈథ్1 చెయ్యమంటున్నావు. ఆ లోపే రియల్‌టెక్ వచ్చి ఈథ్1 మీద కూర్చుంది. దాన్ని ఈథ్0 చెయ్యమంటున్నావు. ఇద్దరూ కుర్చీలు మార్చుకోవాలంటే ఒకరు లేవాలి కదా, ఇద్దరూ కూర్చునే ఉన్నారు. పాత యూడెవ్ పద్ధతి ఓడిపోయింది కూడా ఇక్కడే. అందుకే కెర్నెల్ తనంతట తాను పంచే ఈథ్ పేర్లు మనం పంచకూడదు. కెర్నెల్‌కు తట్టని పేరు పెట్టు. 15 అక్షరాలు దాటకూడదు, ఇంగ్లీషు అక్షరాలూ అంకెలే వాడు.

నేనైతే చేసే పనిని బట్టి పెడతా. లోపలిది కాంటా0, బయటది బయట0. రేపు నువ్వు లేని రోజు ఇంకెవరో ఆ సెట్టింగు చూస్తే పేరు చదవగానే తెలియాలి.

మంచిర్యాల మౌస్

మధ్యలో వచ్చినందుకు ఏమనుకోకండి, నాదీ ఇదే బాధ కాబట్టి అడుగుతున్నా. నావి రెండూ యూఎస్‌బీ ల్యాన్ డాంగిల్స్. మ్యాక్‌తో పేరు పెడదామని చూస్తే రెండింటికీ ఒకటే మ్యాక్! ఒకే దుకాణంలో ఒకే రోజు కొన్న చవక సరుకు. ఇప్పుడేం చేయాలి?

కాజీపేట పాతకాపు

చవకవాటిలో అట్లా వస్తాయి, అచ్చు గుద్దినట్టు. మ్యాక్ బదులు [మ్యాచ్] కింద పాత్= అని రాసి ఏ యూఎస్‌బీ రంధ్రంలో ఉందో దాన్ని బట్టి పట్టుకో. యూడెవ్‌ఏడీఎం ఇన్ఫో చూస్తే ఐడీ_పాత్ అని దొరుకుతుంది. ఆ తర్వాత డాంగిల్స్ రంధ్రాలు మారకూడదు. అయినా ఒకే మ్యాక్ ఉన్న రెండింటినీ ఒకే స్విచ్‌కు తగిలిస్తే పేరు సంగతి దేవుడెరుగు, నెట్టే నడవదు. ఒకటి మార్చుకో.

జమ్మికుంట జిన్నింగ్

గుమాస్తా గారూ, పేర్లు మార్చేముందు మాటలు వెతికే గ్రెప్ కమాండ్ తో సెట్టింగుల ఫోల్డర్ /ఈటీసీ మొత్తం ఈథ్ అనే మాట వెతకండి. నేను ఇంటర్‌ఫేసెస్ ఫైలు మార్చి ఫోల్డర్లు పంచే సాంబాను మర్చిపోయా, తెల్లారి అందరూ నా మీద పడ్డారు. ఫైర్‌వాల్ ఎన్ఎఫ్‌టేబుల్స్ అయితే రూల్స్‌లో ఐఐఎఫ్ అని ఉందా, ఐఐఎఫ్‌నేమ్ అని ఉందా చూసుకోండి. ఐఐఎఫ్ అని ఉంటే రూల్స్ ఎక్కించేటప్పటికి ఆ పేరుతో కార్డు ఉండి తీరాలి, లేకపోతే మొత్తం ఫైలే ఎక్కదు. ఐఐఎఫ్‌నేమ్ ప్రతి ప్యాకెట్‌కూ పేరు పోల్చుకుంటుంది, కార్డు ఆలస్యంగా లేచినా ఫర్వాలేదు.

ఎనుమాముల గుమాస్తా

అయిపోయింది. పద్ధతిగా చెప్తా, నాలాంటి వాళ్లకు పనికొస్తుంది.

ఈసారి మ్యాక్‌లు ఐపీ లింక్ నుంచి కాపీ చేశా. రెండు లింక్ ఫైళ్లు, పేర్లు పాతకాపు అన్న పెట్టినవే, కాంటా0, బయట0. గ్రెప్ కొడితే ఈథ్ మాట నాలుగు చోట్ల దొరికింది: ఇంటర్‌ఫేసెస్, డీఎన్ఎస్‌మాస్క్, ఎన్ఎఫ్‌టేబుల్స్, సాంబా. ఎన్ఎఫ్‌టేబుల్స్‌లో మూడు రూల్స్ ఐఐఎఫ్ తోనే ఉన్నాయి, మార్చా. గ్రబ్‌లో ఆ నెట్.ఇఫ్‌నేమ్స్=0 కూడా తీసేసి అప్‌డేట్-గ్రబ్ కొట్టా. ఉన్నా మన లింక్ ఫైళ్లు పనిచేస్తాయని చదివా గానీ, రేపు ఇంకో కార్డు పెడితే మళ్లీ ఈథ్0 అని వచ్చి నన్ను భయపెట్టకూడదని తీసేశా. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ కూడా చేశా.

మొదటి బూట్‌లోనే డీమెసెజ్‌లో "బయట0: ఈథ్1 నుంచి పేరు మారింది" అని వచ్చింది. అంటే ఆ బూట్‌లో కూడా కెర్నెల్ తారుమారుగానే ఇచ్చింది. అయినా రెండూ సరైన చోట ఉన్నాయి. ఆ వరస చూసి ఎంత తృప్తి కలిగిందో చెప్పలేను, నమ్మకపోతే మానండి.

తర్వాత ఐదుసార్లు రీస్టార్ట్. మూడుసార్లు గోడ స్విచ్ ఆపి, లైట్ పూర్తిగా ఆరేదాకా ఆగి ఆన్. చేయకూడదని తెలుసు, కానీ మా దగ్గర కరెంటు పోయేది అట్లాగే కదా. ఎనిమిదిసార్లూ అవే పేర్లు. కెర్నెల్ లోపల మాత్రం మూడుసార్లు ఒక తీరు, ఐదుసార్లు ఇంకో తీరు ఇచ్చింది. రాసి పెట్టుకున్నా.

ఇవాళ పొద్దున చపాటా మిర్చి వచ్చింది, లావు కాయ, ఎర్రటి రంగు. పది గంటలకు కరెంటు పోనే పోయింది. అందరూ నా వైపే చూశారు. సర్వర్ లేచింది, ప్రింటర్ కూసింది, ఆగిన చోటు నుంచే తక్‌పట్టీ బయటికొచ్చింది. నేను కుర్చీలోంచి లేవలేదు. సేటు ఏమీ అనలేదు. మా దగ్గర అదే మెప్పు.

హార్డ్‌వేర్ భయ్యా, రబ్బరుతో రుద్దమన్నావు కదా, అది కూడా చేశా. ఆ మిర్చి పొడికి ఎట్లాగూ కావాల్సిందే.

క్యాబినెట్ మీది "ఇవాళ్టికి ఇది" మాత్రం పర్మనెంట్ మార్కర్ అట, పోవట్లేదు.

ఇంక ఒకటే మిగిలింది. యూపీఎస్ బ్యాటరీకి సేటును డబ్బులడగాలి. అది ఏ ఫైలులో రాసి పెట్టాలో ఎవరికన్నా తెలిస్తే చెప్పండి.

కాజీపేట పాతకాపు

ఎక్కడ రాసినా, రాసిందంతా మాయమయ్యే /డెవ్/నల్ లోకే పోతుంది తమ్మీ. సీజన్ అయ్యాక అడుగు.